మైదాకు చెట్టులో గూడు

నాకు కోపమెక్కువ. ఆ సంగతి ముందే చెప్పేస్తే మంచిది. పన్నెండేళ్లుగా పిట్టల ఫోటోలు తీస్తున్నాను. వారమంతా ఆఫీసుకు చాకిరీ చేస్తాను, ఆదివారం కెమెరాకు చేస్తాను. ఇన్నేళ్లలో మా ఫోటోగ్రాఫర్ల గ్రూపు పెట్టే ఎగ్జిబిషన్ గోడ మీదికి నా ఫోటో ఒక్కటంటే ఒక్కటి ఎక్కలేదు. "కొమ్మ అడ్డమొచ్చింది ఊర్మిళ మేడమ్" అంటాడు గ్రూపు పెద్ద తిరుమల్, ప్రతి ఏడూ అదే మాట. కొమ్మ అడ్డం రాకుండా పిట్ట నడిరోడ్డు మీద గూడు కడుతుందా అని నోటిదాకా వస్తుంది. అనను. వచ్చే ఏడు ఎంచేది కూడా ఆయనే కదా.

మే నెలాఖరులో జాకెట్లు కుట్టడానికి ఇద్దామని పద్మారావు నగర్ నుంచి లాలాగూడ వెళ్లాను. అక్కడ రైల్వే క్వార్టర్స్‌లో ఉండే అక్బర్ బీ దగ్గరే నా పెళ్లికి ముందు నుంచీ కుట్టించుకుంటున్నాను. పిన్నీ అన్నట్టు ఖాలా అని పిలుస్తాను. కొడుకు అతీక్ వర్క్‌షాప్‌లో ఫిట్టరు. ఆర్నెల్ల కింద పెళ్లయింది, కోడలు ఉమేరాది జనగామ. వాళ్ల క్వార్టర్ వెనక గోడ వారగా మైదాకు చెట్టుంది. రంజాన్‌కు గానీ ఆషాఢానికి గానీ ఆ లైన్లో ఆడవాళ్లందరి చేతులూ పండేది ఆ ఆకుతోనే.

"ఈసారి ఆకు ఎవ్వలకు ఇస్తలేను బిడ్డా," అంది ఖాలా కొలత టేపు మెడలో వేసుకుంటూ. "లోపట బుల్‌బుల్ పిల్లల్ని చేసింది. మూడు. నా కోడలు పండుగకు పెట్టుకుంటనంటె సుత వద్దన్న. అవి ఎగిరిపోయినంక ఎంతన్న తెంపుకో అన్న. మొదటి బక్రీద్ గద, మొకం చిన్నగ చేస్కుంది."

రెమ్మలు కాస్త పక్కకు తప్పించి చూశాను. సరిగ్గా కంటి ఎత్తులో, టీ కప్పంత గూడు! అందులో ఇంకా కళ్లు తెరవని మూడు పిల్లలు. ఇంత దగ్గరగా, ఇంత వీలుగా నాకెన్నడూ దొరకలేదు.

"ఖాలా, ఆదివారం వచ్చి ఫోటో తీసుకుంటా."

"తీస్కో. నువ్వయితే పిట్టల సంగతి ఎరుకున్నదానివి. జెర దూరం నుంచి తియ్యి, బెదురుతయ్."

ఆదివారం ఏడింటికే వెళ్లాను. ఉమేరా అప్పటికే మౌలాలిలో ఉన్న అక్క ఇంటికి వెళ్లిందట. ఖాలా లోపల పండుగ కుట్లలో మునిగిపోయి ఉంది. నేను నెత్తిన టోపీ పెట్టుకుని, స్టాండు దించి, కెమెరాలో చూశాను. ఏముంది, అన్నీ ఆకులే! గూడు అంచు ఇంత, పిల్ల ముక్కు ఇంత. మళ్లీ తిరుమల్ చేత ఆ మాట అనిపించుకోవాలా? ఒళ్లు మండి ఆయనకే ఫోన్ చేశాను.

"చిన్న కటింగ్ చేస్కోండి మేడమ్," అన్నాడు నిద్ర గొంతుతో. "నాలుగాకులు. ఏమైతది?"

మా గ్రూపులో గూటి ముందు రెమ్మలు విరవడాన్ని విరవడం అనరు. కటింగ్ అంటారు. మంగలి షాపు మాట. తీసేసినా నెలలో మళ్లీ పెరుగుతుందిలే అన్న ధీమా ఆ మాటలోనే ఉంది.

నాలుగాకులతోనే మొదలుపెట్టాను. నాలుగాకులు నాలుగు రెమ్మలయ్యాయి, నాలుగు రెమ్మలు పదయ్యాయి. పైనున్న గుబురు తీసేస్తే వెలుతురు బాగా పడుతుందనిపించి అదీ తీసేశాను. కింద పడేస్తే ఖాలా చూస్తుందని కుడి పిడికిట్లో గట్టిగా నలిపి బ్యాగులో కుక్కుకున్నాను. దాచాలని తోచిందంటే తప్పని తెలిసినట్టే కదా! తెలుసు. తెలిసే చేశాను.

తల్లి పిట్ట చాలాసేపు రాలేదు. వచ్చాక మేత పెట్టలేదు. గూటి అంచు మీద నిలబడి రెండు రెక్కలూ విప్పింది. కింద మూడు పిల్లలూ నోళ్లు తెరిచి, మెడలు సాచి. అబ్బ, ఏం పోజు! అట్లా కదలకుండా నిలబడే ఉంది. రెండు వందల ఫోటోలు కొట్టాను. పదకొండింటికి ఎండ తట్టుకోలేక స్టాండు మడిచి, గుమ్మం బయట నుంచే "పోయొస్తా ఖాలా" అని కేకేసి వచ్చేశాను.

మర్నాడు ఆఫీసులో పక్క సీటు ప్రిసిల్లా నా చెయ్యి పట్టుకుంది. "ఏంది మేడమ్, ఒక్క చెయ్యే పండింది? రెండో చేతికి మైదాకు అయిపోయిందా?" చూస్తే అరచేతి మధ్యలో నారింజ రంగు మచ్చ. చెమటకు పిడికిట్లోనే పండింది. సబ్బు పెట్టి ఎంత రుద్దినా పోలేదు. అయినా ఆ రోజు నాకేం పట్టలేదు. రాత్రి నేను పంపిన రెక్కల ఫోటోకు తిరుమల్ 'తల్లి దీవెన' అని పేరు పెట్టి, గోడ మీద మొదటి స్థానం మీదే అని మెసేజ్ పంపాడు. సెక్షన్ మొత్తానికీ మిఠాయి పంచాను.

గురువారం సాయంత్రం జాకెట్ల కోసం వెళ్లాను. ఎల్లుండి బక్రీద్. ఇంట్లో మిషను చప్పుడు లేదు. ఖాలా వెనక గడప మీద కూర్చుని ఉంది. గది గుమ్మంలో ఉమేరా, పక్కన సర్దిన బ్యాగు. ఏడ్చి ఏడ్చి కళ్లు వాచిపోయాయి.

"సచ్చిపోయినయ్ బిడ్డా," అంది ఖాలా. "సోమవారం రెండు ఎండకు మాడిపోయినయ్. ఒకదాన్ని కాకి ఎత్కపోయింది. తల్లి మూడు దినాలు ఈ గోడ మీదనే ఒర్రింది. మంచిగైంది, అవి బతికుండంగ నువ్వన్న ఫోటో తీసినవ్."

చెట్టు వైపు చూడలేకపోయాను.

"చెట్టును బోడి చేసింది ఇది," అంది కోడల్ని చూపిస్తూ. "ఆదివారం పొద్దుగాల్నే ఆకు తెంపుకొని అక్క ఇంటికి వట్కపోయింది. మాపటికి చేతులు ఎర్రగ చేస్కొని వచ్చింది. అడిగితె ఏడుపు. దాని చేతి కూడు నేను ముట్ట. పండుగకు ఈ ఇంట్ల వద్దు. అతీక్ వస్తే జనగామ బస్సు ఎక్కిస్తడు."

"అక్క దుకానంల కొన్న కోన్ పెట్టింది అమ్మీ," అంది ఉమేరా. "ఒట్టు, చెట్టు ముట్టలే. మీ కొడుకు సుత నమ్ముతలేడు."

"నోరు మూయ్." ఖాలా నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు బిడ్డా. ఏడింటికి వచ్చినవ్ గద. అప్పటికే ఆకు లేకుండె గద?"

ఒక్క మాట. నోరు కూడా తెరవక్కర్లేదు, తలాడిస్తే సరిపోతుంది. ఎవరికీ తెలియదు. గోడ మీద ఫోటో, ఆఫీసులో పేరు, ముప్పై ఏళ్లుగా ఎరిగిన ఖాలా, అన్నీ నాకే ఉంటాయి. ఈ పిల్లది జనగామ బస్సు ఎక్కుతుంది. మొదటి బక్రీద్‌కు దొంగ అన్న పేరుతో పుట్టింటి గడప తొక్కుతుంది. ఛీ, అంతసేపు లెక్కేసుకున్నానంటే నా మీద నాకే అసహ్యం వేసింది.

"ఉండె ఖాలా," అన్నాను. "నేనొచ్చినప్పుడు ఆకంతా ఉండె. నేనే తెంపిన. ఫోటోకు అడ్డమొస్తుందని."

ఆమె అర్థం కానట్టు చూసింది. పిడికిలి తెరిచి చూపించాను. నా చెయ్యి వెలుతురులోకి లాక్కుని, బొటనవేలితో ఆ మచ్చను రుద్దింది. సూది గుచ్చుకుని గుచ్చుకుని కాయ కట్టిన వేలు.

"ఇది ఆకు రంగే," అంది నెమ్మదిగా. తర్వాత ఉమేరా చేతులు చూసింది. కోన్ గీతలు కాఫీ పొడి రంగులో ఉన్నాయి. "అరవై ఏండ్ల సంది మైదాకు నూరుతున్న. ఏ రంగు ఏందో కోపంల కనవడలేదు నాకు."

లేచి ఆ బ్యాగు తీసుకుని లోపలికి వెళ్లింది. బట్టలు తీసి అల్మారాలో పెడుతున్న చప్పుడు వినిపించింది. నన్ను తిట్టలేదు. తిట్టు ఖాలా, నాలుగు అంటించు, నీకు దండం పెడతా అని అరవాలనిపించింది. నా జాకెట్లు తెచ్చి నా పక్కన పెట్టి, మళ్లీ లోపలికి వెళ్లిపోయింది.

నేను వెళ్లబోతుంటే ఉమేరా వెనకే వచ్చింది.

"ఫోటో మంచిగొచ్చిందా ఆంటీ?"

ఎత్తిపొడుస్తుందనుకున్నాను. కాదు. "బెదురుతయని అమ్మీ నన్ను దగ్గరికి పోనియ్యలే," అంది. "పిల్లల్ని ఒక్కసారి సుత చూడలే నేను."

ఫోన్ తీసి ఇచ్చాను. చాలాసేపు చూసింది. రెండు వేళ్లతో పెద్దది చేసి తల్లి రెక్కలు చూసింది, పిల్లల నోళ్లు చూసింది.

"నీడ వడ్తున్నది గద ఇది," అంది. "ఎండకు నోర్లు తెరిసినయ్ పాపం. రెక్కలు అడ్డం పెట్టింది."

రెండు వందల సార్లు చూశాను ఆ ఫోటోను. నాకు కనపడలేదు.

"మీకు ఎండ గొట్టలేదా ఆంటీ అప్పుడు?"

కొట్టింది. నేను టోపీ పెట్టుకున్నాను.