నాలుగో గొట్టం

ఆ సంస్థలో అందరూ ఆమెను బురద మేడమ్ అంటారు. మొదట్లో వెనకాల అనేవారు. ఆమె ఏమీ అనుకోదని తేలాక ఎదుటే అనేస్తున్నారు. అనుకోవడానికి మాత్రం ఏముంది? పాతికేళ్లుగా సముద్రం అడుగునుంచి తెచ్చిన బురదను చూసే ఆవిడ జీతం తీసుకుంటోంది. ఆ బురదలో ఇసుక రేణువంత పెంకులుంటాయి. పైన నీళ్లలో బతికి, చచ్చి, అడుగుకు రాలిపోయిన జీవుల పెంకులవి. వాటిని పరీక్షిస్తే ఆ కాలంలో సముద్రం ఎంత వెచ్చగా ఉండేదో తెలుస్తుంది. తడి కుంచె కొసతో ఒక్కొక్కటీ ఏరాలి. ఒక్క తుమ్ము వస్తే పొద్దుటినుంచీ చేసిన పని గాలికి పోతుంది. అందుకని జలుబు చేసినవాళ్లకు ఆ గదిలోకి ప్రవేశం లేదు, డైరెక్టరుకైనా సరే.

ఆమెకు పేరు తెచ్చింది ఒక పల్టీ. లక్షా ముప్ఫై వేల ఏళ్ల కిందట, ఒక మంచుయుగం ముగిసే వేళ, సముద్రం ఒక్కసారిగా వేడెక్కి, మెల్లగా చల్లబడి, మళ్లీ ఒక్కసారిగా వేడెక్కిందని ఇరవై రెండేళ్ల కిందట ఆమె కనిపెట్టింది. అది పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. ఆరు ల్యాబులు అదే బురదలోంచి చెంచాడేసి పట్టుకెళ్లి, పరీక్షించి, అక్షరాలా నిజమేనన్నాయి. వాతావరణాన్ని కంప్యూటర్లో కట్టేవాళ్లు మాత్రం తమ సముద్రం చేత ఆ పల్టీ కొట్టించలేక జుట్టు పీక్కున్నారు. పీక్కోనివ్వండి, సముద్రం వీళ్లనడిగి వేడెక్కుతుందా అనేది ఆమె.

నాలుగేళ్ల కిందట చేరిన చిన్న మేడమ్ అదే చోటికి ఓడ మీద వెళ్లి కొత్త కోర్ తెచ్చింది. కోర్ అంటే పెద్ద విశేషమేమీ కాదు. సముద్రం అడుగులోకి పొడవాటి గొట్టం దింపితే దాన్నిండా వచ్చే మట్టి. పైనున్నది కొత్తది, కిందున్నది పాతది. ఆ కోర్‌లో పల్టీ లేదు. సముద్రం బుద్ధిమంతురాలిలా నిదానంగా వేడెక్కింది, అంతే.

"మీ కోర్ ఎక్కడో కదిలిపోయి ఉంటుందమ్మా," అన్నాడు డైరెక్టరు.

శుక్రవారం సమీక్షా సంఘం కూర్చుని ఆ కొత్త కోర్ ప్రాజెక్టును ఉంచాలో మూసెయ్యాలో తేల్చాలి. మూసేస్తే చిన్న మేడమ్ ఉద్యోగం కూడా దానితోపాటే పోతుంది. సంఘంలో బురద మేడమ్ ఎటంటే మిగతావాళ్లు అటు. ఆమె కూడా మూసెయ్యమనే చెబుదామనుకుంది. కానీ ఆ పిల్ల గీసిన గ్రాఫు పంటి కింద రాయిలా తగులుతూనే ఉంది. కోర్ తెచ్చిన తీరులో వంక పెట్టడానికి సందు దొరకలేదు. చివరికి మంగళవారం ఆమె తన పాత లెక్కలు తీసి, సముద్రం ఒక్కసారిగా వేడెక్కిన రెండు చోట్లూ ఎంత లోతులో ఉన్నాయో చూసుకుంది. ఒకటి నాలుగో గొట్టం మొదట్లో ఉంది. రెండోది నాలుగో గొట్టం చివర ఉంది.

పొడవాటి కోర్‌ను ఓడ మీదే ఒకటిన్నర మీటరు ముక్కలుగా కోసి, ఒక్కో ముక్కనూ ఒక గొట్టంగా లెక్కపెట్టి, పై కొసకు నీలం మూత, కింది కొసకు తెల్ల మూత బిగిస్తారు. లక్షా ముప్ఫై వేల ఏళ్ల తర్వాత రంపం ఎక్కడ పడబోతోందో తెలుసుకుని, సరిగ్గా అక్కడే వేడెక్కడం ఏ సముద్రానికీ చేతకాదు.

బుధవారం ఆమె స్వెటరు వేసుకుని శీతల గిడ్డంగికి వెళ్లింది. స్టోరు కీపరు ఆమెకన్నా పాతవాడు. ఆమె ఆయన్ని బాబాయ్ అని పిలుస్తుంది.

"నాలుగో గొట్టమా? పదకొండేళ్లయింది మేడమ్, ఆ పెట్టె ఎవరూ అడగలేదు."

"ఎందుకడగలేదు బాబాయ్?"

"ఎందుకడుగుతారండీ? మీరు రాసిపెట్టారు కదా, అదే చదువుకుంటారు."

నిలువునా చీల్చిన సగం గొట్టాన్ని ఆయన బల్ల మీద పెట్టాడు. మధ్యలో వేలెడు మందాన అగ్నిపర్వతపు బూడిద పొర ఉంది. బూడిద ఒక్కసారిగా రాలుతుంది కాబట్టి దాని కింది అంచు కత్తితో కోసినట్టుండాలి. పైన చేరిన పురుగులు కెలుకుతాయి కాబట్టి పై అంచు చెదిరి ఉండాలి. ఇక్కడ పై అంచు కత్తితో కోసినట్టుంది, కింది అంచు చెదిరి ఉంది. ఇలా ఉంటే గొట్టం తలకిందులైనట్టేనని మొదటి ఏడాది విద్యార్థికి కూడా తెలుసు.

మూతలు బిగించింది తనే. ఓడ ఊగుతుంటే వాంతికీ వాంతికీ మధ్య ఆ పని చేసింది. గొట్టం మీద బాణం గుర్తు కూడా తన చేతి గీతే. ఆమెకు సిగ్గేసింది.

మర్నాడు పొద్దున భర్తతో చెప్పింది. ఆయన బడిలో లెక్కల మేష్టారు.

"చెప్పకపోతే ఏమవుతుంది?" అన్నాడాయన, బూట్లు తుడుచుకుంటూ.

"ఆ పిల్ల ఉద్యోగం పోతుంది."

"చెబితే?"

"నా పరువు పోతుంది."

"నీకింకా ఎంత సర్వీసుంది?"

"ఏడేళ్లు."

"ఆ అమ్మాయికి?"

"ముప్ఫై ఉంటుంది."

"ఈపాటి లెక్కకు నా దగ్గరికొచ్చావా?" అని ఆయన బడికి వెళ్లిపోయాడు.

శుక్రవారం ఆమె చెప్పడానికే వెళ్లింది. అయితే మొదట చిన్న మేడమ్ మాట్లాడాలి. ఆ పిల్ల లేచి తెర మీద గ్రాఫు వేసింది. అందులో సముద్రం ఒక్కసారిగా వేడెక్కి, మెల్లగా చల్లబడి, మళ్లీ ఒక్కసారిగా వేడెక్కింది. సాక్షాత్తూ బురద మేడమ్ పల్టీయే. డైరెక్టరు చప్పట్లు కొట్టాడు. నలుగురితో నారాయణ అన్నట్టు మిగతావాళ్లూ కొట్టారు.

"పోయిన నెల ఇది లేదు కదమ్మా?" అంది బురద మేడమ్.

"లేదండీ. నా పొరపాటే. మూడో ముక్కకు మూతలు తారుమారుగా పెట్టి ఉంటాను. మొన్న మంగళవారం దాన్ని తలకిందులు చేసి చూస్తే మీ దాంతో కలిసింది."

"అందులో బూడిద పొర ఉందా?"

"ఉందండీ."

"తిప్పకముందు ఏ అంచు చెదిరి ఉంది?"

చిన్న మేడమ్ తల దించుకుంది. "పై అంచండీ."

"అంటే అది సరిగ్గానే ఉంది. మరెందుకు తిప్పావు?"

"మీరలా రాయలేదు కదండీ," అంది ఆ పిల్ల. "మీ పల్టీ చదివే నేను ఈ చదువులోకి వచ్చాను. మీకూ నాకూ తేడా వస్తే, తప్పు నాదే అయ్యుంటుందనుకున్నాను."

ఆ మాట వినడం కన్నా నాలుగు తిట్లు తినడం నయమనిపించింది బురద మేడమ్‌కు. లేచి నిలబడింది.

"తలకిందులుగా ఉన్నది నా గొట్టం. మూతలు నేనే తప్పు పెట్టాను. పల్టీ కొట్టింది సముద్రం కాదు, నేను."

డైరెక్టరు అందుకున్నాడు. ఆయన మంచివాడు. ఎవరినీ బురదలో దిగబడనివ్వడు.

"ఓడ మీద చెయ్యి తడబడటం ఎవరికైనా సహజమే మేడమ్. తర్వాతైనా అది మీ కంటపడే అవకాశం లేకపోయింది కదా?"

అవునంటే సరిపోతుంది. ఆయన దారి ఊడ్చి, నీళ్లు చల్లి పెట్టాడు. ఆమె ఒక్క అడుగు వెయ్యాలి, అంతే.

"కంటపడింది," అంది ఆమె. "గొట్టాన్ని మళ్లీ తీసి చూసిన రోజే బూడిద తిరగబడి కనబడింది. అప్పటికే పల్టీ సంగతి నలుగురికీ చెప్పేశాను. సముద్రం అడుగున ప్రవాహాలేవో బూడిదను చెదరగొట్టి ఉంటాయని నాకు నేనే సర్దిచెప్పుకుని, పెట్టె మూయించేశాను."

చిన్న మేడమ్ తలెత్తి చూసింది. "అంటే, నేను చేసిందీ అదే కదండీ?"

"అదే. నువ్వు మూడు రోజులు చేశావు. నేను ఇరవై రెండేళ్లు చేశాను. ముందు నీ మూడో ముక్కను ఎలా ఉన్నదాన్ని అలా పెట్టెయ్యి."

ఆ పిల్ల కళ్లు తుడుచుకుని కంప్యూటర్ మీదికి వంగింది. అందరూ చూస్తుండగానే తెర మీద పల్టీ పోయి, కింది నుంచి పైకి మెల్లగా ఎక్కే గీత ఒకటి మిగిలింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"ఈ సంఘంలో నేనుండాలో వద్దో రేపు తేల్చుకుందురుగాని," అంది బురద మేడమ్ కూర్చుంటూ. "ఇవాళ్టికి నా ఓటు ప్రాజెక్టు ఉంచడానికే. రాసుకోండి."