ఆదివారం ఫ్లాస్కు

వరుసగా మూడు సోమవారాలు సాంబమూర్తి మాస్టారికి జ్వరం వచ్చింది. మూడుసార్లూ మాట పడింది మాత్రం పెంటమ్మ.

పడదా మరి? కొత్తపేట సందులో ఉన్న ఆ వృద్ధుల హోంలో మాస్టారికి తినిపించేది ఆవిడే. పక్షవాతం వచ్చాక ఆయనకు మింగడం కుదురుగా లేదు. పల్చటిది ఏది తాగినా కడుపులోకి పోవలసింది ఊపిరితిత్తుల్లోకి జారి జ్వరం తెస్తుంది. అందుకని నీళ్లయినా, మజ్జిగయినా, కాఫీ అయినా ఒక పొడి కలిపి చిక్కగా చేసి, ఆయన్ని నిటారుగా కూర్చోబెట్టి చెంచాతో పట్టాలి. ప్రతి చెంచాకూ "ఆ" అనిపించాలి. గొంతు శుభ్రంగా పలికితే సరిగ్గా దిగినట్టు, గురగురలాడితే ఆపేయాలి. ఇక ఆ పొడి కలిపిన కాఫీ సంగతి చెప్పకూడదు, దాంతో గోడలకు పోస్టర్లు అంటించుకోవచ్చు.

పెంటమ్మది దేవరకొండ దగ్గర పల్లె. ఆరేళ్లుగా ఇక్కడ ఆయా. చదువు అంతంత మాత్రమే గానీ, ఆ గొంతును కనిపెట్టడంలో ఆవిడను మించినవాళ్లు లేరు. దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో మైకు లేకుండా రెండొందల మందికి లెక్కలు చెప్పిన గొంతు అది. ఇప్పుడు నాలుగు మాటలు కూడబలుక్కోవడమే గగనం. అయినా "సారూ, ఆ అను" అనగానే మాస్టారు బుద్ధిగా అనేవారు. అని, ఎన్ని మార్కులు వేస్తుందో అన్నట్టు ఆవిడ తల ఊపేదాకా చూసేవారు.

అలాంటి మనిషికి తన చేతి తిండి వల్ల జ్వరం వస్తోందంటే పెంటమ్మకు నాలుగు మెతుకులు కూడా సహించడం లేదు.

"ఈసారి కూడా జ్వరమొస్తే ఆయనకు తిండికి ముక్కులోంచి గొట్టం వెయ్యక తప్పదంటున్నారు డాక్టరు గారు. నిన్ను కూడా ఉంచలేం పెంటమ్మా. పైవాళ్లకు నేను జవాబు చెప్పుకోవాలి" అంది ఇన్‌చార్జి నర్సు విజయదుర్గ, శనివారం సాయంత్రం.

"నేను మంచిగనే తినిపిస్తున్న సిస్టరూ" అంది పెంటమ్మ. అన్నది గానీ, ఎక్కడ తప్పు చేస్తున్నానో అని ఆ రాత్రంతా తనలో తనే వెతుక్కుంది.

మర్నాడు మధ్యాహ్నం మాస్టారి భార్య నాగేశ్వరి వనస్థలిపురం నుంచి ఆటోలో దిగింది. ప్రతి ఆదివారం వస్తుంది. ఆవిడకూ డెబ్భై దాటాయి, భర్తను లేపి కూర్చోబెట్టే ఓపిక లేకనే ఇక్కడ చేర్చింది. ఆవిడ రాగానే పెంటమ్మ ఎప్పటిలాగే తలుపు దగ్గరగా వేసి అవతలికి వెళ్లిపోయింది. మొగుడూ పెళ్లాలు మాట్లాడుకునే చోట మనకేం పని? కానీ సగం దూరం పోయాక తువ్వాలు లోపలే మరిచిన సంగతి గుర్తొచ్చింది. వెనక్కొచ్చి తలుపు తోసింది.

గదంతా కమ్మటి కాఫీ వాసన. నాగేశ్వరి ఫ్లాస్కు మూతలో కాఫీ పోసి పట్టిస్తోంది. మాస్టారు వెల్లకిలా పడుకుని, కళ్లు మూసుకుని గుక్కలు వేస్తున్నారు. ఆ మొహంలో అంత హాయి పెంటమ్మ ఎన్నడూ చూడలేదు.

పెంటమ్మకు కోపం నషాళానికి అంటింది. నా పొట్ట మీద కొడుతున్నది నువ్వా తల్లీ అని అరవబోయింది. కానీ ముందు మాస్టారిని లేపి కూర్చోబెట్టింది.

"సారూ, ఆ అను."

"ఆ..." నీళ్లలోంచి మాట్లాడినట్టుంది. వెంటనే దగ్గు తెర.

దగ్గు ఆగాక పెంటమ్మ నాగేశ్వరి చేయి పట్టుకుని ఆయన గొంతు మీద పెట్టింది. "మల్ల అను సారూ. ఇంటున్నవా అమ్మా? నీ కాఫీ కడుపులకు పోతలేదు, ఊపిరితిత్తులల్లకు పోతున్నది."

నాగేశ్వరి వేళ్ల కింద గురగుర. ఆవిడ చప్పున చేయి వెనక్కి తీసుకుంది.

"నలభై ఏడేళ్లు నా చేతి కాఫీతోనే లేచారు. మీరు పెట్టే ఆ జిగురు చూస్తే కళ్లనీళ్లు పెట్టుకుంటారు. చూస్తూ ఎలా ఊరుకోను? వారానికి ఒక్క కప్పు ఏం చేస్తుందిలే అనుకున్నాను" అంది. తర్వాత మెల్లగా అడిగింది, "నిన్నేమైనా అన్నారా?"

"రేపు జరమొస్తే నన్ను పొమ్మన్నరు."

నాగేశ్వరి మూతలో మిగిలిన కాఫీని కిటికీలోంచి పారబోసింది. అది చూసేసరికి పెంటమ్మ కోపం ఎలా వచ్చిందో అలాగే దిగిపోయింది. ప్రేమతో చేసిన పనికి ఏమని తిడతాం?

"పెంటమ్మా, చెప్పకు. ఇక నన్ను రానివ్వరు."

"చెప్పకుంటే డాక్టరు సాబు మందెట్ల ఇస్తడమ్మా? నువ్వే చెప్పు. నేను చెప్తే చాడీ అయితది."

నాగేశ్వరి ఫ్లాస్కు పట్టుకుని లేచింది. విజయదుర్గ బల్ల మీద దాన్ని పెట్టి, "జ్వరాలు తెప్పించింది నేనమ్మా, పెంటమ్మ కాదు" అంది. విజయదుర్గ అప్పటికప్పుడు డాక్టరుకు ఫోన్ చేసింది. తర్వాత పెంటమ్మ వైపు తిరిగి "తొందరపడ్డాను" అని, నాగేశ్వరితో "మీరు రండి, కాఫీ కూడా తెండి. మా ముందు కలుపుదాం" అంది.

ఆ సోమవారం జ్వరం వచ్చింది గానీ, ముందే మందు పడడంతో మూడో రోజుకు దిగింది. గొట్టం అవసరం రాలేదు.

తర్వాతి ఆదివారం నాగేశ్వరి వేడి కాఫీని రెండు గిన్నెల్లో పోసి, రెండింట్లోనూ పొడి కలిపింది.

"రెండోది ఎవలకమ్మా?" అంది పెంటమ్మ.

"నాకే. ఆయన ఎదురుగా నేను పల్చటిది ఎలా తాగను?"

మాస్టారు ఒక చెంచా మింగి మొహం చిట్లించారు. "దరిద్రంగా... ఉంది."

నాగేశ్వరి కూడా ఒక చెంచా మింగింది. "మహా దరిద్రంగా ఉందండీ" అని ఇంకో చెంచా తీసుకుంది.

"ఆ అను సారూ" అంది పెంటమ్మ.

"ఆ." గొంతు ఖంగుమంది. మాస్టారు భార్య వైపు తిరిగి, నువ్వూ అను అన్నట్టు గడ్డం ఎగరేశారు. నాగేశ్వరి సిగ్గుపడుతూ "ఆ" అంది. ఆయన తల ఊపారు. గిన్నెలు రెండూ ఖాళీ అయ్యాయి.

సోమవారం పొద్దున్నే పెంటమ్మ డ్యూటీ చీర కట్టుకోకముందే మాస్టారి గదికి పోయి నుదుటి మీద చేయి వేసింది. చల్లగా ఉంది. నమ్మకం కుదరక ఎడమ చేత్తో కూడా చూసింది. మాస్టారు కళ్లు తెరిచి, ఆవిడ అడగకముందే "ఆ" అన్నారు.