ఫైర్‌మన్ తాత ఆకలి

నాకు అన్నిటికన్నా పెద్ద భయం ఒకటే. నా ఇంట్లో ఎవరో ఒకరు నా చేతి అన్నం కడుపునిండా తింటూనే చిక్కిపోతారు, ఎదురుగా ఉండి కూడా నేను గుర్తుపట్టను.

ఈ భయం ఊరికే పట్టుకోలేదు. మా కన్నవారిది పలాస. మా తమ్ముడు జెఫ్రీకి తొమ్మిదేళ్ళప్పుడు ఉన్నట్టుండి ఆకలి పెరిగింది. కంచం ఖాళీ చేసి మళ్ళీ కంచం చాచేవాడు. చెంబుల కొద్దీ నీళ్ళు తాగేవాడు. ఎదిగే పిల్లాడు, తింటున్నాడులే అని ఇంటిల్లిపాదీ సంతోషపడ్డాం. చొక్కా భుజాల మీంచి జారిపోతుంటే పొడుగు సాగుతున్నాడన్నారు. తర్వాత నీరసపడ్డాడు. వాడి దగ్గర ఉండడానికి నన్ను ఎనిమిదో తరగతిలో బడి మాన్పించారు. ఆసుపత్రికి చేర్చేసరికి వాడికి తెలివి లేదు. షుగరు అన్నారు. చిన్నపిల్లలకు కూడా షుగరు వస్తుందని మాకు ఆ రోజే తెలిసింది. వాడు పోయాక నేను మళ్ళీ బడికి వెళ్ళలేదు.

పెళ్ళయి ఖరగ్‌పూర్ వచ్చి ఏడేళ్ళయింది. మావారు టోని రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఓల్డ్ సెటిల్‌మెంట్‌లో క్వార్టరు. ఇంట్లో మా అత్తమ్మ సూసన్న, ఆడపడుచు ఏంజలిన్, మా పాప జెనీ. ఇంటి దగ్గర జాకెట్లూ చుడీదార్లూ కుడతాను నేను.

ఈ ఇంట్లో ఆకలంటే గొప్ప. అత్తమ్మ మామగారు జ్ఞానప్రకాశం తాత ఆవిరి ఇంజిన్ల కాలంలో రైలింజిన్లో బొగ్గు వేసే ఫైర్‌మన్. నేను వచ్చేసరికే ఆయన లేరు, గోడ మీద ఫోటో ఉంది. డ్యూటీకి వెళ్ళేటప్పుడు అయిదు గిన్నెల కేరియరు, దాని మీద పద్దెనిమిది రొట్టెల మూట పట్టుకెళ్ళేవారట. అన్నీ తిని వచ్చి ఇంట్లో మళ్ళీ అన్నానికి కూర్చునేవారట. మనిషి మాత్రం ఫోటోలో వెదురుబద్దలా ఉంటారు, మెడ కింద ఎముకలు లెక్కపెట్టొచ్చు. అప్పటినుంచి ఈ ఇంట్లో ఎవరు బాగా తిని సన్నగా ఉన్నా, ఫైర్‌మన్ కడుపు వచ్చింది అంటారు. అది దీవెన కింద లెక్క.

ఏంజలిన్‌కి ఆ దీవెన కిందటి వానాకాలంలో వచ్చింది. అంతకుముందు అందరిలాగే తినేది. ఇరవై రెండేళ్ళ పిల్ల, బట్టల షాపులో బిల్లింగ్ సీట్లో కూర్చుంటుంది. పొద్దున ఆరు ఇడ్లీలు, షాపులో మధ్యాహ్నం కేరియరు, దారిలో ఎగ్ రోలు, ఇంటికి రాగానే మళ్ళీ అన్నం. నడుము మాత్రం నానాటికీ సన్నబడింది. షాపులో బెంగాలీ దీదీలు ఏం తిని ఇలా ఉన్నావని అడుగుతారట. అన్నీ తిని అని చెబుతుందట. ఇంట్లో అందరం మురిసిపోయాం, నాతో సహా.

జనవరిలో చర్చిలో ప్రేమవిందు జరిగింది. బంతి సాగుతుండగా ఏంజలిన్ మూడోసారి బిర్యానీ వేయించుకుంది. వడ్డిస్తున్న సంఘపెద్ద కృపారావు గారు గరిటె ఎత్తి అన్నారు.

"ఆ ఇంజినుకి ఇంకో రెండు పారలు బొగ్గు ఎయ్యండర్రా. దూరం ఎల్లాల."

"నీళ్ళు కూడా పట్టండి సిన్నాన్నా, లేపోతే బండి కదల్దు," అంది ఏంజలిన్.

బంతంతా నవ్వింది. పక్కన కూర్చున్న మా జెనీ కూడా ఇంకో ముక్క కావాలంది. వేశారు, తిని మళ్ళీ అడిగింది. పక్క క్వార్టరు ఆలిస్ అక్క దాని చెయ్యి పట్టుకుని చూసి, "గుంట సేతులు సూడు, అగ్గిపుల్లలు. మేనత్త పోలిక. ఇదీ ఫైర్‌మన్ కడుపే," అంది.

మళ్ళీ అందరూ నవ్వారు. నేను జెనీ చేతులే చూశాను. అయిదేళ్ళ పిల్ల, ఇన్నిసార్లు అడిగి తింటోంది, చేతులు అగ్గిపుల్లలు. నాకు జెఫ్రీ చాచిన కంచం కనబడింది.

ఆ రోజునుంచి నా పని లెక్కపెట్టడమే అయిపోయింది. జెనీకి ఎన్ని ఇడ్లీలు పెట్టాను, ఎన్ని రొట్టెలు పెట్టాను, ఎన్ని గ్లాసుల నీళ్ళు తాగింది. అంగన్‌వాడీకి తీసుకెళ్ళి తూకం వేయించాను, పదిహేనున్నర కిలోలు. నాలుగు రోజులాగి మళ్ళీ తీసుకెళ్తే అక్కడి దీదీ నన్ను వింతగా చూసింది. రెండుమూడు సార్లు ఎక్కువ నీళ్ళు అడిగితే అదీ చీటీ మీద రాసుకునేదాన్ని. టోనితో చెప్పాను. చెడ్డవాడు కాదు, కానీ నా మాటలు విని విని అలవాటు పడ్డాడు. నీకు భయపడ్డానికి ఏదో ఒకటి ఉండాల అన్నాడు. అత్తమ్మ అయితే పిల్లకు దిష్టి పెడతన్నావని కసిరింది.

చివరికి ఏంజలిన్‌ని అడిగాను. గోల్ బజార్ దగ్గర పిల్లల డాక్టరమ్మ చేంబరు ఉంది. నాకు బెంగాలీ అర్థమవుతుంది కానీ గబగబా మాట్లాడలేను, కాగితాలు నింపమంటే చేతులాడవు. షాపుకి సెలవు పెట్టి తను నాతో వచ్చింది. ఒక్క మాట వెటకారం చెయ్యలేదు.

బ్యాటరీ రిక్షా టోటోలో అందరం శాలువాలు చుట్టుకుని కూర్చున్నాం, తను మాత్రం పల్చటి కుర్తాతో ఉంది. చేంబరు బయటి గదిలో కూర్చోగానే ఫ్యాను వెయ్యమని అక్కడి మనిషిని అడిగింది. మఫ్లర్లు కట్టుకున్న జనమంతా తనవైపు చూశారు. నేను మాత్రం జెనీ పెదవులు ఎండిపోయాయేమోనని చూస్తున్నాను.

డాక్టరమ్మ పెద్దావిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. నేను రాసుకెళ్ళిన ఇడ్లీల చీటీ తీసి చూపించాను. ఆవిడ అది ఏంజలిన్ చేత చదివించుకుని, నువ్వు పెట్టింది రాశావు, దాని నోట్లోకి వెళ్ళింది ఎంత అని అడిగింది. అప్పుడు అంతకుముందు రోజు గుర్తుచేసుకుంటూ చెప్పాను. మూడు ఇడ్లీలు పెట్టాను. ఒకటిన్నర తింది, సగం కాకికి వేసింది, ఒకటి కంచంలో వదిలేసి ఆటకు పోయింది. మధ్యాహ్నం అన్నం సగం. రాత్రి పాలు తాగి పడుకుంది. విందు రోజు మళ్ళీ మళ్ళీ అడిగి తిన్నమాట నిజమే. మర్నాడో అని ఆవిడ అడిగింది. మర్నాడు ఏమీ తినలేదు, ఆకలి లేదంది. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆ మర్నాటి సంగతి నేను ఎక్కడా రాసుకోలేదు.

ఆవిడ నవ్వింది. చాలామంది సంగతి ఇంతేనంది. విందులో తినేటప్పుడు అందరూ చూస్తారు, మిగతా రోజుల్లో కడుపు తనంతట తనే తగ్గించుకుంటే ఎవరూ చూడరు. కొందరు ఒక్కచోట కూర్చోలేరు, కాలో చెయ్యో ఆడిస్తూనే ఉంటారు, తిన్నదాంట్లో కొంత అలాగే ఖర్చయిపోతుంది. కొందరి ఒంటి తీరే సన్నం, అమ్మానాన్నల్నించి వస్తుంది. ఇవన్నీ మాట్లాడేలోపు జెనీ బల్ల కింద రెండుసార్లు దూరి వచ్చింది.

తర్వాత అంగన్‌వాడీ కార్డు తెరిచి చుక్కల్ని వేలితో కలిపి చూపించింది. కింది వరసలోనే ఉంది, కానీ పైకే వెళ్తోంది, ఎక్కడా జారలేదు. ఇది దీని దారి అంది. జెఫ్రీ సంగతి చెప్పాను. ఆవిడ ఇంకేం అడగకుండా జెనీ వేలు గుచ్చి రక్తం చుక్క తీసి చిన్న మిషనులో పెట్టింది. అంకె రావడానికి అయిదు సెకన్లో ఏమో పడుతుంది. ఆ అయిదు సెకన్లూ నేను ఊపిరి తియ్యలేదు. తొంభై రెండు వచ్చింది. షుగరు లేదు, పిల్ల బాగుంది అంది. నేను అక్కడే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చేశాను.

కళ్ళు తుడుచుకుని తలెత్తేసరికి డాక్టరమ్మ నన్ను చూడడం లేదు. బల్ల మీద ఏంజలిన్ జెనీ పేరూ అడ్రసూ రాస్తోంది. ఆవిడ ఆ చేతినే చూస్తోంది. అక్షరాలు గీతలు దాటి గెంతుతున్నాయి.

నువ్వు కాస్త చేతులు చాపమ్మా అంది. ఏంజలిన్ నవ్వుతూ చాపింది. ఆవిడ ఒక తెల్లకాగితం తీసి ఆ వేళ్ళ మీద పరిచింది. గది తలుపు మూసి ఉంది, ఫ్యాను తిరగడం లేదు, కాగితం రెపరెపలాడింది. మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. నాడి నిమిషానికి నూట పద్దెనిమిది. మెడ మీద రెండు చేతులూ వేసి మింగమంది. నిద్ర పడుతోందా అని అడిగింది. రెండు నెలలుగా సరిగా లేదంది ఏంజలిన్. గుండె దడ? మెట్లెక్కితే ఉంటుంది. చెమట? ఎప్పుడూ. ఆకలి? అది మా ఇంటి ఆకలి అని తాత కథ మొదలుపెట్టబోయింది. బట్టలు వదులయ్యాయా అని ఆవిడ మధ్యలో అడిగింది.

"అది మా వదినని అడగండి. నా బట్టలన్నీ తనే కుడతాది," అంది ఏంజలిన్.

నాకు అప్పుడు తెలిసింది. కొలతల పుస్తకంలో నా చేత్తో నేనే రాసుకున్నాను. ఆగస్టులో ఏంజలిన్ నడుము ఇరవై ఎనిమిది. దుర్గాపూజ బట్టలకు ఇరవై ఆరు. క్రిస్మస్ గౌనుకు ఇరవై నాలుగున్నర. రెండుసార్లూ పాత బట్టల కుట్లు లోపలికి తీసుకున్నాను, తీసుకుంటూ నీదెంత అదృష్టమే అన్నాను. నేను భయపడ్డది సరిగ్గా నా మిషను ముందే జరిగింది, దారం కూడా నాదే. ఆ అంకెలు మూడూ డాక్టరమ్మకి చెప్పాను.

ఆవిడ రక్తపరీక్షకు రాసిచ్చి, పెద్దల డాక్టరుకు చూపించమంది. మెడలో ఉండే థైరాయిడ్ గ్రంథి మితిమీరి పనిచేస్తున్నట్టు అనిపిస్తోందనీ, అదే అయితే మందుంది, భయం లేదనీ చెప్పింది.

ఇంటికొచ్చి చెబితే అత్తమ్మ ఒప్పుకోలేదు.

"రోగమేటి? మా మావ పద్దెనిమిది రొట్టెలు తినీవోరు. డెబ్బయ్యారేళ్ళు బతికినారు. దీనికీ ఆ కడుపే వొచ్చినాది. నువ్వు నీ కూతుర్ని సూపించడానికి ఎల్లి నా కూతురికి రోగం అంటగట్టి తెచ్చినావా?"

ఏడేళ్ళలో నేను అత్తమ్మ మాటకు ఎదురు చెప్పింది లేదు. ఎనిమిదో తరగతి దానివి, నీకేం తెలుసు అంటుందని నోరు మూసుకునేదాన్ని. ఆ రోజు మాత్రం ఆగలేకపోయాను.

"అత్తమ్మా, తాతగారు డ్యూటీ అంతా పార పట్టుకుని బొగ్గు ఎగేసినారు. తిన్నదంతా సెమటయి పోయినాది. మన ఏంజలిన్ కుర్చీలో కూసుని బిల్లు కొడతాది. షెడ్డులో నిలబెట్టిన ఇంజిను రోజుకింత బొగ్గు తినేస్తంటే, మావయ్య అది గొప్ప ఇంజిననీవోరా? యాడ పోతందో సూసీవోరు కాదా?"

మావయ్య, అంటే టోని నాన్న, లోకో షెడ్డులో ముప్పయ్యేళ్ళు ఫిట్టరుగా చేసి పోయారు. అత్తమ్మ ఏంజలిన్‌ని దగ్గరికి పిలిచి, చేతులు చాపమని డాక్టరమ్మలాగే తనే ఒక కాగితం పెట్టి చూసుకుంది. తెల్లకాగితం దొరక్క చర్చి పాటల చీటీ పెట్టింది. అదీ వణికింది.

"సెప్పలేదేటమ్మా," అంది మెల్లగా.

"నాకేటి తెల్సు అమ్మా. అందరూ బాగున్నావంటన్నారు గదా," అంది ఏంజలిన్.

రిపోర్టు వచ్చింది. డాక్టరమ్మ అనుమానపడ్డదే. పెద్దల డాక్టరు మాత్రలు మొదలుపెట్టారు. ఏడాదో ఏడాదిన్నరో వాడాలి, నెలనెలా రక్తం చూపించుకోవాలి. ఈ మాత్రలు అరుదుగా రక్తంలో తెల్లకణాలు తగ్గిస్తాయట, జ్వరంగానీ గొంతునొప్పిగానీ వస్తే ఒక్కరోజు కూడా ఆగకుండా రమ్మన్నారు. ఆ మాటతో నా భయానికి కొత్త పని దొరికింది, రోజూ పొద్దున్నే తనని నోరు తెరవమంటాను. తిట్టుకుంటూనే తెరుస్తుంది.

ఇప్పటికి నాలుగు నెలలు. నలభై ఒక్క కిలోల పిల్ల నలభై ఆరుకు వచ్చింది. తెల్లవార్లూ నిద్రపోతోంది, షాపు టైముకి లేపలేకపోతున్నాం. చేతిరాత గీత మీద నిలబడింది. మొన్న ఆదివారం రెండోసారి అన్నం వద్దంది. అత్తమ్మకు ఇది కొత్త బెంగ అయిపోయింది, పిల్ల తినడం లేదు, మందు ఎక్కువైనట్టుంది, డాక్టర్ని అడుగు అని నా వెంట పడుతోంది. నాలాంటి మనిషి ఇంట్లో ఇంకొకరు తయారయ్యారని టోని నవ్వుతున్నాడు. జెనీ మొన్న తూకంలో పదహారు దాటింది. దాని చేతులు ఇంకా అగ్గిపుల్లలే. ఇప్పుడు దాని ఇడ్లీలు లెక్కపెట్టడం లేదు. అబద్ధమెందుకు, అప్పుడప్పుడు లెక్కపెడతాను.

ఇది చదువుతున్న మీకు ఒక్క మాట. బాగా తిని సన్నగా ఉండేవాళ్ళందరికీ జబ్బుండదు, చాలామంది మా జెనీ లాంటివాళ్ళే. కానీ మీకు తెలిసినవాళ్ళలో కొత్తగా ఆకలి పెరిగి, కొత్తగా చిక్కుతున్న మనిషి ఒకరుండొచ్చు. ఎంత అదృష్టమో అని అందరితో పాటు మీరూ అని ఉంటారు. ఈ రోజు వీలు చేసుకుని వెళ్ళి ఆ మనిషిని ఒకసారి చూడండి. ఏం తింటున్నావని అడగొద్దు, అది అందరూ అడిగేదే. నిద్ర పడుతోందా, దాహం వేస్తోందా, గుండె దడగా ఉంటోందా అని అడగండి. నాకేంటి, బాగున్నాను అని నవ్వేస్తారు. అప్పుడు లేచి వచ్చెయ్యకండి, ఇంకాసేపు కూర్చుని మళ్ళీ అడగండి.