దుప్పటి కప్పిన బీరు

ఇంట్లో బీరు కాచుకుంటానని కాలేబు అడిగేసరికి బాలకుమారి ఆంటీ చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. నరసాపురం నుంచి ఏనాడో కెనడాలోని కిచెనర్ వచ్చి స్థిరపడిన మనిషి. వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళకి సేవ చేస్తుంది. ఆదివారం తెలుగు చర్చిలో పాట ఎత్తుకునేది ఆవిడే. అలాంటావిడ ఇంటి బేస్‌మెంట్‌లో అద్దెకుంటూ, సారా కాచినట్టు బీరు కాస్తానంటాడా!

"పాస్టరు గారికి తెలిస్తే నన్ను ప్రభువు బల్ల దగ్గరికి రానిస్తారట్రా ఇంక?"

"ఉద్యోగం కోసం ఆంటీ. తాగడానికి కాదు."

తాగడానికి కాదన్నది మాత్రం నిజం. కాలేబు పుట్టి బుద్ధెరిగి చుక్క ముట్టలేదు. వాళ్ళ నాన్న సారా తాగి తాగి పోయాడు. మట్టి చేసి ఇంటికొచ్చిన సాయంత్రం అమ్మ చేతిలో చెయ్యి వేసి, ఎన్నడూ ముట్టనని మాటిచ్చాడు కుర్రాడు. మరి అలాంటివాడికి బీరుతో ఏం పనంటారా? చెప్తాను, కాస్త ఆగండి.

ఆ రోజుల్లో కెనడాకి స్టూడెంట్లు వరదలా వచ్చిపడ్డారు. కాలేబూ ఆ వరదలో కొట్టుకొచ్చినవాడే. కాలేజీ అయింది, వర్క్ పర్మిట్ వచ్చింది, ఉద్యోగమే రాలేదు. కాఫీ షాపులో ఒక్క పోస్టు పడిందంటే చాలు, క్యూ వీధి మలుపు తిరిగేది. చెప్పులరిగేలా తిరిగాక ఒక చిన్న బ్రూవరీ గోడౌన్లో పని దొరికింది, సీలు వేసిన బీరు డబ్బాలు అట్టపెట్టెల్లో సర్దడం. ఆ పని చూపించి పీఆర్‌కి, అంటే శాశ్వత నివాసానికి, అప్లై చెయ్యడం కుదరదు. పీఆర్ లేకపోతే ఈ దేశంలో ఉండనివ్వరు. ఎండాకాలానికి పర్మిట్ అయిపోతుంది, ఆ తర్వాత మూటాముల్లె సర్దుకోవడమే.

సరిగ్గా అప్పుడే లోపల బీరు తయారుచేసే చోట అసిస్టెంట్ పోస్టు ఖాళీ అయింది. ఆ పోస్టుతో అయితే పీఆర్‌కి దారి ఉంది. యజమాని గ్రెగ్ మంచివాడే గానీ ఆయనకో ఆనవాయితీ. "ఇక్కడ చేరిన ప్రతివాడూ ముందు ఇంట్లో పేల్ ఏల్ అనే లేతరంగు బీరు చేసి తెచ్చినవాడే. డబ్బాలో పాకం తెచ్చి నీళ్ళు కలపడం కాదు, గింజ దగ్గర్నుంచి సీసా దాకా సొంతంగా. నువ్వూ తే. బాగుంటే పోస్టు నీదే" అన్నాడు. కెమిస్ట్రీ చదివినవాణ్ణి, ఇదెంతలే అనుకున్నాడు కాలేబు.

ఆంటీ కొన్నాళ్ళు మొహం చాటేసింది. ఆ తర్వాత ఏమనుకుందో, చర్చి భోజనాలకి బిర్యానీ వండే పెద్ద గుండిగ తనే మోసుకుంటూ కిందికి దిగింది. "ఉద్యోగం రావాలని ప్రార్థన చేస్తాను. ఏ ఉద్యోగమో మాత్రం దేవుడికి చెప్పను. ఆయనకి తెలీకపోతే కదా!"

తా దూర కంత లేదు, మెడకో డోలు అన్నారు. కాళ్ళు చాపుకునే చోటు లేని ఆ బేస్‌మెంట్‌లోకి మాల్ట్ సంచీ, మూతున్న ప్లాస్టిక్ బకెట్, ఖాళీ సీసాలు వచ్చి చేరాయి. మాల్ట్ అంటే ఏమీ లేదు, మొలకెత్తించి ఎండబెట్టిన బార్లీ. బరకగా మర పట్టించిన ఆ గింజని వేడినీళ్ళలో నానేసి, థర్మామీటర్ పట్టుకుని పక్కనే కాపలా కూర్చున్నాడు. పల్చటి గుడ్డలో వడకడితే తేనెరంగులో తియ్యటి నీళ్ళు దిగాయి.

"రాగిజావలా కమ్మగా ఉంది కదరా, దీన్ని పాడుచేసి బీరు చెయ్యడమెందుకూ?" అంది ఆంటీ మెట్ల మీంచి.

ఆ నీళ్ళు మరిగేటప్పుడు హాప్స్ వేశాడు. అవి చేదు పూలు, ఎండబెట్టి గుళికలు చేసి అమ్ముతారు. కొన్ని మొదట్లోనే చేదు కోసం, మిగతావి దించేముందు వాసన కోసం. గుండిగని పెరట్లో మంచులో కూరి గబగబా చల్లార్చాడు. బకెట్లో పోసి, పులియబెట్టే ఈస్ట్ చల్లి, మూత బిగించి, గదిలో చల్లటి మూలన పెట్టాడు. చల్లగానే ఉంచాలి, వేడెక్కితే చెడుతుందని చదివిన చోటల్లా ఉంది. ఇంతవరకూ కుర్రాడి పనికి వంక పెట్టడానికి లేదు.

తెల్లారి చూస్తే బకెట్లో చలనం లేదు. బుడగలు రావాలి, ఒక్కటీ రాలేదు. ఒక్కోసారి అలా ఆలస్యమవుతుంది, ఓపిక పట్టాలి. పర్మిట్ కరిగిపోతున్నవాడికి ఓపిక ఎక్కణ్ణుంచి వస్తుంది? పాపం, బకెట్ మీద చెవి ఆనించి కూర్చున్నాడు.

"ఏడ్చినట్టుంది! ఈ చలికి అది పులుస్తుందిట్రా?" అంది ఆంటీ. "వచ్చిన కొత్తలో నా ఇడ్లీ పిండీ ఇలాగే మొండికేసేది. ఫర్నేసు పక్కన పెట్టి దుప్పటి కప్పు. పొంగకపోతే నన్నడుగు."

చదివినదానికి ఇది విరుద్ధమని కాలేబుకి తెలుసు. కానీ పుట్టినప్పట్నుంచీ కళ్ళారా చూసినదాని ముందు చదివినదెంత? పులవాలంటే వెచ్చదనం కావాలని ఏ తెలుగింటి పిల్లాణ్ణి అడిగినా చెప్తాడు. అదిగో, అక్కడే కొంప మునిగింది. ఇద్దరూ కలిసి బకెట్‌ని, ఇల్లంతా వెచ్చబెట్టే ఆ ఫర్నేసు పక్కకి జరిపారు. ఆంటీ తన మందపాటి దుప్పటి తెచ్చి, పసిబిడ్డకి చుట్టినట్టు చుట్టింది.

సాయంత్రానికి బకెట్ గుడగుడలాడింది. ఆంటీ సంబరం చూడాలి! "చెప్పానా లేదా?" అంటూ వాడి వీపు మీద ఒక్కటిచ్చింది. కాలేబుకి నిజంగానే కళ్ళనీళ్ళు తిరిగాయి.

పొంగు అణిగాక, వాసన కోసం మరికొన్ని హాప్స్ వేద్దామని మూత తీశాడు. ఘాటు గుప్పుమని ముక్కుకి కొట్టింది. దాంతోపాటే నాన్న గుర్తొచ్చాడు. గుమ్మంలోకి వస్తూనే మొహం మీదికి వంగి "అన్నం తిన్నావట్రా" అని అడిగేవాడు, అప్పుడు ఆ నోట్లోంచి వచ్చే వాసనే ఇది. ఒళ్ళు జలదరించింది. అయినా ఓ పక్క నిమ్మళించాడు. మందు వాసన ఇలాగే కదా ఉంటుంది, అంటే సరిగ్గానే కుదిరిందన్నమాట అనుకున్నాడు. అతనికి తెలిసిన మందు వాసన అదొక్కటే మరి. గోడౌన్లో డబ్బాలు సర్దడమే తప్ప, మూత తీసి లోపలిదాన్ని ఏనాడూ వాసన చూడలేదు.

గ్యాస్ పట్టడానికి కాస్త పంచదార కలిపి సీసాల్లో పోసి మూతలు బిగించాడు. కొన్ని వారాలాగి, రుచి చెప్పమని పక్క గదిలో ఉండే హైదరాబాద్ కుర్రాడు భరద్వాజ్‌కి ఒక సీసా ఇచ్చాడు. వాడి సంగతి చెప్పాలా! గటగటా తాగేసి, "ఏం కిక్కు బ్రో! ఒక్క సీసాకే దిమ్మ తిరిగింది. జాబ్ నీదే పో" అన్నాడు.

గ్రెగ్ గ్లాసులోకి ఒంచి వెలుతురుకి పెట్టి చూశాడు. "రంగు బాగుంది" అన్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. ఒక్క గుక్క తీసుకుని సింకులో ఉమ్మేశాడు.

"ఎక్కడ పులియబెట్టావు దీన్ని?"

"ఫర్నేసు పక్కన. దుప్పటి కప్పి."

"దుప్పటా!" గ్రెగ్ పకపకా నవ్వాడు. కాలేబు మొహం చూసి ఆపేశాడు. "గింజ పని బాగా చేశావు, ఈస్ట్‌ని ఉడికించేశావు. వేడెక్కితే వచ్చే ఘాటు ఇది. దీన్ని బీరనరు, పెయింట్ థిన్నర్ అంటారు. ఇంత వాసన నీకు తెలీలేదా?"

తెలిసిన వాసనే కాబట్టి మంచిదనుకున్నానని చెప్తాడా?

"ఈ పోస్టుకి ఇంకో కుర్రాణ్ణి తీసుకుంటున్నాను. వచ్చే చలికాలంలో మరొకడు కావాలి, అప్పటికి మళ్ళీ చేసి తే" అన్నాడు గ్రెగ్, ఓదార్పుగానే.

చలికాలానికి కాలేబు ఈ దేశంలోనే ఉండడు. దుప్పటి సంగతి ఆంటీకి చచ్చినా చెప్పకూడదు, ఆవిడ తట్టుకోలేదు. అమ్మకేం చెప్పాలో మాత్రం ఎంత ఆలోచించినా తట్టలేదు.

గ్రెగ్ జాలిపడ్డాడో ఏమో, కుళాయి తిప్పి తన పేల్ ఏల్ ఒక గ్లాసు పట్టి ముందు పెట్టాడు. "ఇది చూడు. తేడా తెలుస్తుంది."

కాలేబు వంగి వాసన చూశాడు. నారింజ తొక్క, పూలు, కాల్చిన రొట్టె. నాన్న ఎక్కడా లేడు. ఇదా బీరంటే! ఉద్యోగం కోసం కూడా దాటని మాటని, ఉద్యోగం పోయాక దాటాడు. ఒక గుక్క, ఇంకో గుక్క. చల్లగా, చేదుగా, చేదు వెనకాలే తియ్యగా దిగింది. పొద్దుట్నుంచీ గుండెల మీద ఉన్న బరువు కాస్త సడలింది. నాన్న మీద ఇన్నేళ్ళ కోపం ఎటు పోయిందో తెలీలేదు. దానికే ఎక్కువ భయమేసింది.

గ్లాసు ఖాళీ అయింది.

"ఇంకొంచెం పొయ్యనా?" అన్నాడు గ్రెగ్.

వద్దనడానికే కాలేబు నోరు తెరిచాడు. చెయ్యి మాత్రం గ్లాసుని ముందుకి జరిపింది.