బొట్టున్న తాబేళ్లు

వలలో బొట్టు లేని తాబేలు కనబడితే చాలు, మునివెంకటప్ప మొహం చిట్లించి దాన్ని తిరిగి చెరువులోకి విసిరేస్తున్నాడు. డిప్ప మీద పసుపురంగు బొట్టున్నవాటినే ఏరి తొట్టిలో వేస్తున్నాడు. పోయిన వారం కొత్త ఆఫీసరు నయన మేడమ్ ముప్పై తాబేళ్లకు బొట్టు పెట్టించి వదిలింది. ఈరోజు మళ్ళీ వల వేసి, పడినవాటిని చూపించమంది. ఆమె బొట్లు ఆమెకు అప్పజెప్పడమే పని కాబోలనుకున్నాడు ఈ మహానుభావుడు. అడగొచ్చు కదా? అడిగితే తెలియదని తేలిపోతుందట!

కామసముద్రం పక్కనున్న ఆ చెరువుకు అతను కూలి వాచరు. తాను దూర సందు లేదు, మెడకో డోలు అన్నట్టు, పర్మనెంటు కాని ఆ ఉద్యోగానికి రంగు పూసిన మీసం, బొత్తాలు పట్టని ఖాకీ చొక్కా. రాగి పండించే తమ్ముణ్ణి మట్టి పిసుక్కునేవాడని వెక్కిరిస్తాడు. జీపు శబ్దం వినబడితే మాత్రం నడుము దానంతటదే వంగుతుంది. మునుపటి ఆఫీసరు చెట్టును చూపి మర్రి అంటే మర్రి, ఈమె రావి అంటే రావి.

నయన జీపు దిగి తొట్టిలోకి చూసింది.

"పడినవన్నీ ఇవేనా, అప్పా?"

"అన్నీ మనవే మేడమ్! బొట్టు లేనిది ఒక్కటి గూడా లేదు, చూడండి!"

మెచ్చుకుంటుందని పళ్ళన్నీ బయటపెట్టి నిలబడ్డాడు. ఆమె నిట్టూర్చింది.

"పడినవాట్లో సగానికి బొట్టుండుంటే చెరువులో మొత్తం అరవై ఉండాయని లెక్క కట్టుకుందుము. అన్నిటికీ ఉండాదంటే మనం వదిలిన ముప్పైయే, ఇంగ లేవు. ఇంత తక్కువ వాటికి వాచరెందుకు? రేపట్నించి రావొద్దులే, అప్పా."

మునివెంకటప్ప చెరువు వైపు చూశాడు. బొట్టు లేనివి నేనే పారేస్తినమ్మా, ఇంకోసారి వల వేస్తాను అంటే చాలు. ఆ ఒక్క మాటకే కూడు నిలబడేది. కానీ తప్పు చేసినానని ఏ ఆఫీసరుతోనూ అని ఎరగడు. ఇంత బతుకూ ఆ మాట దాచుకోవడానికే ఖర్చు పెట్టాడు. ఇప్పుడూ రాలేదు.

"సరే మేడమ్," అన్నాడు, నడుము వంచి.

తొట్టిని చెరువులోకి వంపేసి, కట్ట దిగి వెళ్ళిపోయాడు. జీపూ పోయింది. నీళ్లు కుదుటపడ్డాక చెరువు నడుమ బొట్టు లేని డిప్పలు ఒక్కొక్కటే తేలి, ఎండకు మెరిశాయి. చూసేవాడు లేడు.

కాపలా గుడిసె గుంజకు అతని టోపీ వేలాడుతోంది, లోపలి అంచున చెమట ఇంకా ఆరలేదు.