పది సీసాల పెట్టె

నేను ఒక ఫ్రిజ్‌ను. తెల్లగా పుట్టి, పసుపు తేలి ముసలిదాన్నై, ఇప్పుడు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం పెరట్లో, రేకుల షెడ్డు కింద, విరిగిన మంచాలతోనూ కాలు పోయిన సెలైన్ స్టాండుతోనూ కలిసి కాపురం చేస్తున్నాను. నన్ను పనికిరానిదని రాశారు. రాస్తే చాలదట, పైవాళ్లు సంతకం పెట్టాలట. మూడేళ్లయింది, ఆ సంతకం ఇంకా రాలేదు. సర్కారు కొలువులో చావడం కూడా అంత తేలిక కాదు.

ఫ్యాక్టరీలో నాతోపాటు అదే రోజు పుట్టిన తోబుట్టువులు చాలామంది ఇళ్లకు వెళ్లారు. వాళ్ల కడుపుల్లో పెరుగు గిన్నెలు, మామిడిపళ్లు, ఐస్‌క్రీములు. నా నుదుట మందుల గది రాసిపెట్టి ఉంది. జిల్లా గోదాములో ఏడు నెలలు అట్టపెట్టెలోనే నిలబడ్డాను, ఏ ఊరికి పంపాలో తేల్చే కాగితం ఎవరి బల్ల మీదో నిద్రపోతుంటే. చివరికి పల్నాటి నాపరాళ్ల గుట్టల మధ్య, మిరపతోటల పక్కన ఉన్న ఈ ఆసుపత్రికి ట్రాక్టరులో వచ్చాను.

నా కింది అరల్లో చక్కెరజబ్బు మందు, కాన్పు సూదిమందు ఉండేవి. పైఅరలో పాముకాటు మందు. ఈ గుట్టల్లో రాయి కదిపితే రక్తపింజర ఉంటుంది. అది కరిచిన మనిషికి మొదటి విడతలోనే పది సీసాల మందు ఎక్కించాలి. పెట్టెకు ఉండేవి పదే. అంటే నా దగ్గర ఎప్పుడూ ఒక్క మనిషి ప్రాణం మాత్రమే ఉండేది.

నా యజమాని కోదండపాణి గారు, ఫార్మసిస్టు. మంచి మనిషి, పద్ధతి మనిషి. రోజుకు రెండుసార్లు నా లోపలి వేడి చూసి పుస్తకంలో రాయాలి. ఆయన ఆదివారం వేడిని శనివారమే రాసేసేవారు. ఎప్పుడూ నాలుగు డిగ్రీలే. నా జాతకం అంత ధీమాగా చెప్పినవాళ్లు ఇంకెవరూ లేరు.

కానీ నా అసలు మనిషి ఆయా నాగూర్బీ. వారానికోసారి నా సామానంతా తీసి, మంచు కరిగించి, గుడ్డతో మూలమూలలా తుడిచేది. తుడుస్తున్నంతసేపూ తిట్టేది. ఇంత మంచు కట్టుకున్నావేంటే, నీకేమన్నా పెళ్లా అనేది. ఆమె తిట్లు వినకపోతే నాకు వారం గడిచినట్టే ఉండేది కాదు.

ఒక వేసవిలో గొర్రెలు కాసే పెద్దాయనను మంచం మీద మోసుకొచ్చారు. కాలు గుమ్మడికాయంత వాచింది, చిగుళ్ల నుంచి నెత్తురు. కోదండపాణి గారు క్షణం ఆలోచించలేదు, పెట్టె తీసి డాక్టరమ్మ గారి చేతిలో పెట్టారు. నాలుగో రోజు ఆ పెద్దాయన నడిచి వెళ్లిపోయాడు. ఈలోపు రెండో రోజే తనిఖీ వచ్చింది. అధికారి నా తలుపు తీసి చూశాడు, ఖాళీ అర కనిపించింది. వారం తిరక్కుండా మెమో వచ్చింది. అత్యవసర మందు నిల్వ ‘నిల్’గా ఉంచినందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపగలరు అని.

పెట్టె వాడిన రోజే, అది అయిపోయిందని ఆయన పైకి రాశారు. అంతకుముందు రెండు పెట్టెలు కావాలని మూడుసార్లు రాశారు. పోయినేడు ఎంత వాడారో అంతే ఇస్తామని పైనుంచి జవాబు. అమ్మ పెట్టదు, అడుక్కు తిననివ్వదు అన్న సామెత ఏ ఆఫీసులో పుట్టిందో గానీ, నాకు మాత్రం జిల్లా గోదాములోనే పుట్టిందనిపిస్తుంది. ఒక ప్రాణం నిలబెట్టిన మనిషి ఆ మెమోకు సంజాయిషీ రాస్తూ కూర్చున్నారు. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆయనకు అది మొదటి మెమో.

రెండు నెలలకు కొత్త పెట్టె వచ్చింది. ఆయన దాన్ని పైఅరలో పెట్టి, ‘తీయరాదు’ అని చీటీ అంటించారు. ఆ తర్వాత పాము కరిచి ఇద్దరు వచ్చారు. ఇద్దర్నీ అంబులెన్సు ఎక్కించి నలభై కిలోమీటర్ల దూరంలోని ఏరియా ఆసుపత్రికి పంపించారు. ఇద్దరూ బతికారు. దాంతో ఆయనకు ధైర్యం చిక్కింది. నిజానికి అది భయం. కానీ రెండుసార్లు కలిసొస్తే భయం కూడా పద్ధతి అయిపోతుంది.

ఆ ఏడు తుపానుకు మూడు రోజులు కరెంటు లేదు. నా ఊపిరి ఆగింది. కోదండపాణి గారి ఊరి దారిలో వాగు పొంగి ఆయన రాలేకపోయారు. నాగూర్బీ వానలో హైవే దాకా నడిచి, చేపల లారీవాళ్లను బతిమాలి ఐసుగడ్డలు తెచ్చింది. ఐసు నేరుగా తగిలితే మందు గడ్డకట్టి చెడుతుందని ఆయన ఎప్పుడో చెప్పిన మాట గుర్తుపెట్టుకుంది. తన పాత ఆకుపచ్చ చీర చింపి, ఆ పెట్టెకు మడతలు మడతలుగా చుట్టింది. ఆమెకు చదువు రాదు. నా థర్మామీటరు మీద ఆయన పెన్నుతో రెండు గీతలు గీసి, ఎర్రది ఈ గీతల మధ్యే ఉండాలని చూపించి ఉన్నారు. మూడు రోజులూ ఆ గీతలు చూస్తూ నా పక్కనే కూర్చుంది. పది సీసాలూ దక్కాయి. తుపాను నష్టాల నివేదికలో ‘మందుల నష్టం లేదు’ అని వెళ్లింది. ఎవరి వల్ల లేదో రాయడానికి అందులో గడి లేదు.

ఇక ఆ రోజు గురించి చెప్పాలి. చెప్పకుండా ఉండగలిగితే బాగుండేది.

మధ్యాహ్నం మూడింటికి పెద్ద తనిఖీ బృందం వస్తోంది. డాక్టరమ్మ గారు అదే పని మీద జిల్లాలో మీటింగులో ఉన్నారు. ఆసుపత్రి ఆవరణంతా శుభ్రంగా ఉండాలని ఆదేశం. నాగూర్బీ పొద్దున్నే కొడవలి పట్టుకుని, ప్రహరీ పక్కన గడ్డి కోయడానికి దిగింది. పదిన్నరకు ఆమె కేక వినిపించింది. నర్సమ్మ సువార్త ఆమెను భుజం పట్టి మందుల గది గుమ్మంలోకి తెచ్చి బల్ల మీద కూర్చోబెట్టింది. పాదం మీద రెండు గాట్లు. చచ్చిన రక్తపింజరను తోటవాళ్లు కర్ర మీద తెచ్చి చూపించారు. ఇక అనుమానం లేదు.

సువార్త సెలైన్ పెట్టి, పెట్టె తీయండి సార్ అంది. కోదండపాణి గారు నా తలుపు తీశారు. చెయ్యి పెట్టె మీద వేశారు. ఆ చెయ్యి అక్కడే ఆగిపోయింది. ఆ వేళ్ల వెచ్చదనం నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరమ్మ గారికి ఫోను చేశారు, మీటింగులో ఫోన్లు తీసేసుకున్నారట, మోగి మోగి ఆగిపోయింది. గడియారం వంక చూశారు. మూడింటికి వాళ్లొస్తారు. మళ్లీ ఖాళీ అర చూస్తారు.

నాగూర్బీ బల్ల మీద నుంచి నా వైపే చూస్తోంది.

“పెట్టె ఉంది గదా సారూ,” అంది. “తుపానులో నేను చీర చుట్టిందే.”

“ఉందమ్మా. అయినా పెద్దాసుపత్రిలో ఇంకా మంచిగా చూస్తారు. ఆ ఇద్దరూ బతికి రాలా? అంబులెన్సులో గంటలో చేరతావు.”

ఆమె ఆయన మాట ఎన్నడూ కాదన్నది కాదు. సరే సారూ అంది. ఆయన నా తలుపు మూశారు.

నాది ఉత్త తలుపు. మూస్తే మూసుకోవడం తప్ప నాకు ఇంకేమీ చేతకాదు. ఆ రోజు చేతనైతే ఎంత బాగుండునో!

మూడింటికి బృందం వచ్చింది. నాలుగు డిగ్రీలు చూశారు, పది సీసాలు లెక్కపెట్టారు. ఆవరణ శుభ్రంగా ఉందని, గడ్డి చక్కగా కోయించారని మెచ్చుకున్నారు. నిర్వహణ సంతృప్తికరం అని రాసి, టీ తాగి వెళ్లారు.

అయిదింటికి ఫోను వచ్చింది. ఏరియా ఆసుపత్రిలో ఆ వారం మందు మూడు సీసాలే మిగిలిందట. అవి ఎక్కించి, ఇంకో అరవై కిలోమీటర్ల అవతల, అంతకన్నా పెద్ద ఆసుపత్రికి పంపారట. దారిలోనే ఆమె ముక్కు నుంచి నెత్తురు మొదలైంది. చేరకముందే పోయింది.

కోదండపాణి గారు నా తలుపు తీసి, ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చున్నారు. చల్లదనమంతా బయటికి పోతున్నా మూయలేదు. పెట్టె తీసి ఒళ్లో పెట్టుకున్నారు. దాని చుట్టూ ఇంకా ఆ ఆకుపచ్చ పీలిక ఉంది. అరవై ఏళ్లకు దగ్గరపడ్డ ఆ మనిషి దాన్ని మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చారు. తర్వాత ఎవరూ ఆయన్ను ఏమీ అనలేదు. ఏమనాలన్నా నియమం ప్రకారం ఆయన తప్పేమీ లేదు. నియమం ప్రకారం అందరూ సరిగ్గానే చేశారు.

మార్చిలో ఆ పది సీసాల గడువు తీరింది. వాడలేదు కాబట్టి మీకు అవసరం లేదని, మరుసటి ఏడు కేటాయింపు తగ్గించారు. ఆయన గోదాము చుట్టూ తిరిగి, బతిమాలి, ఇంకో పెట్టె తెచ్చారు. చీటీ అంటించలేదు. ఆ ఆగస్టులో మిరపనారు పీకుతున్న ఒకావిడను పాము కరిచింది. ఆమె గుమ్మంలోకి రాకముందే పెట్టె సువార్త చేతిలో ఉంది. ఆమె బతికింది. ఆయనకు రెండో మెమో వచ్చింది. దాన్ని తెచ్చి నా తలుపు మీదే అంటించారు. ఆ కాగితం ఇప్పటికీ నా ఒంటి మీదే ఉంది, అక్షరాలు వెలిసిపోయాయి.

రిటైరయ్యే రోజున కొత్తగా వచ్చిన ఫార్మసిస్టు అమ్మాయికి మందులన్నీ ఒక్కొక్కటే అప్పగించారు. పైఅర దగ్గరికి వచ్చేసరికి అక్కడ ఏమీ లేదు. కిందటి వారమే ఎవరికో ఎక్కించారు. ఆ అమ్మాయి కలం పట్టుకుని తటపటాయించింది.

“నిల్ అని రాసుకో తల్లీ,” అన్నారాయన. “ఆ మాటకు ఎప్పుడూ భయపడమాక.”

ఆ అమ్మాయి రాసుకుంది. ఆయన నా తలుపు మీద ఒకసారి చెయ్యి వేసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయారు. ఆ మాట ఆయన ఆ రోజు పదిన్నరకు రాసి ఉంటే, నాగూర్బీ ఈ షెడ్డులోకి కూడా వచ్చి, ఇంత దుమ్ము పట్టావేంటే మొద్దుదానా అని తిడుతూ నన్ను తుడుస్తూ ఉండేది.