అంజిబాబు మెడికల్ పాసయ్యాడు

నాగదుర్గకి కోపమొస్తే ముందుగా గిన్నెలు మోగుతాయని షార్జా రోలా పేటలో ఆ ఫ్లాట్‌లో ఉండే ఆడవాళ్ళందరికీ తెలుసు. ఆ శుక్రవారం పొద్దున మాత్రం వంటింట్లో చప్పుడే లేదు. అందుకే షాహీదాకి భయం వేసింది.

"ఏంటే నాగదుర్గా, మళ్ళీ జొరమా?" అని ప్లైవుడ్ అడ్డం అవతలి నుంచి అడిగింది.

షాహీదాది కాకినాడ. నాగదుర్గది అమలాపురం పక్క. ఇద్దరూ షార్జాలో ఇళ్ళపని చేస్తారు. ఒక హాలును ప్లైవుడ్‌తో ముక్కలు చేసి, మంచం పట్టేంత జాగాలో తలా ఒకరు ఉంటున్నారు. ఒకరు తుమ్మితే అందరికీ వినపడే కొంప అది. పైగా అది కరోనా ఏడు. దగ్గు వినపడితే చాలు, అందరూ మాస్కులు పైకి లాక్కునేవాళ్ళు. నాగదుర్గకి కొంతకాలంగా సాయంత్రమైతే జ్వరం, నోట్లో తెల్లటి పూత. తిన్నది ఒంటికి పట్టడం లేదు. షాహీదా పోరు పడలేక వెళ్ళి ముక్కులో పుల్ల పెట్టించుకొచ్చింది. కరోనా లేదన్నారు. మళ్ళీ వెళ్ళింది, మళ్ళీ లేదన్నారు. కరోనా కాకపోతే ఇంకేంటన్నది నాగదుర్గ మనసులో మెదులుతూనే ఉంది. నోటితో అనడానికే భయం.

మొదటి మొగుడు ఆమెకి వదిలిపోయిన ఆస్తి ఒక్కటే, హెచ్.ఐ.వి. వాడు పోయాక ఊరి పెద్దాసుపత్రిలో మందు మొదలుపెట్టారు. రోజుకొక బిళ్ళ, ఒక్క రాత్రి కూడా తప్పకూడదన్నారు. నాగదుర్గ తప్పలేదు. ఆ తర్వాత అంజిబాబు వచ్చాడు. జబ్బు సంగతి తెలిసే పెళ్ళి చేసుకున్నాడు. ఎంత పెద్ద మనసో అని చుట్టాలంతా నోళ్ళు వెళ్ళబెట్టారు. ఆ పెద్ద మనసు సంగతి నాగదుర్గ మర్చిపోకుండా అంజిబాబు నెలకోసారైనా గుర్తుచేసేవాడు. ఆమె కూడా అన్నం కలిపిపెట్టి, కాళ్ళు పట్టి, తలొంచుకుని బతికింది. ఇన్నేళ్ళూ అలాగే బతికింది, పిచ్చిమొహం!

అంజిబాబు షార్జాకి దగ్గర్లోని ఉమ్ అల్ క్వైన్‌లో ఒక ఫ్యాక్టరీలో లోడింగ్ పని చేస్తాడు. వాడికి పక్కా వీసా ఉంది. గడువు తీరినప్పుడల్లా మెడికల్‌కి వెళ్ళి రక్తం ఇవ్వాలి. ఈ జబ్బు బయటపడిందా, విమానం ఎక్కించి పంపేస్తారు. నాగదుర్గ విజిట్ వీసా మీద వచ్చిన మనిషి, ఆమెనెవరూ రక్తం అడగలేదు. ఏటా ఊరెళ్ళి పరీక్ష చేయించుకుని, బిళ్ళలు తెచ్చుకునేది. పోయినేడు చూసినప్పుడు రక్తంలో పురుగు జాడే కనపడలేదన్నారు. ఈ ఏడు విమానాలు ఆగిపోయాయి, ఆమె వీసా గడువూ దాటిపోయింది. అయినా బిళ్ళలకి లోటు లేదు. అక్క సత్యకుమారి ముందుగానే ఎవరిచేతో బోలెడు పంపించింది.

ఆ బిళ్ళల సీసా మీద పేరు చదివితే ఫ్లాట్‌లో పరువు గంగలో కలుస్తుంది. అందుకని నాగదుర్గ వచ్చినవి వచ్చినట్టు హార్లిక్స్ సీసాలో పోసేసేది. ఎవరడిగినా థైరాయిడ్ బిళ్ళలనేది. లైట్లు ఆర్పేశాక, పక్కవాళ్ళ కంటపడకుండా చీకట్లోనే తడుముకుని ఒకటి మింగేది. ఆ బిళ్ళ మింగిన రాత్రి పిచ్చి పిచ్చి కలలొచ్చేవి. చచ్చిపోయిన మేకలు మాట్లాడేవి, వాళ్ళమ్మ ఎడారిలో నాట్లు వేసేది. ఈమధ్య ఆ కలలు తగ్గాయి. మందు ఒంటికి అలవాటు పడిందని సంబరపడింది కూడా.

ఆ శుక్రవారం షాహీదా నీళ్ళు కాగబెట్టడానికి వెళ్ళాక, నాగదుర్గ ఇక ఆగలేక, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, గొంతు బాగా తగ్గించి దేవదానం గారికి వీడియో కాల్ చేసింది. పెద్దాసుపత్రిలో ఈ జబ్బువాళ్ళకి మంచీచెడ్డా చెప్పే కౌన్సిలర్ ఆయన. మొదటి మొగుడు పోయిన రోజుల్లో ఆమెకి అన్నం సయించేలా చేసింది కూడా ఆయన మాటే.

"నాలిక చూపించమ్మా," అన్నాడాయన. చూశాడు. కళ్ళజోడు తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. "మందు మానేశావా?"

"లేదండీ బాబూ! ఒక్క రాత్రి తప్పితే ఒట్టండి."

"తప్పకపోతే నోట్లో ఆ పూత రాదు తల్లీ. నన్ను చూసి చెప్పు."

"మా అక్కమీద ఒట్టండి!"

"సరే సరే, ఏడవకు. ఆ బిళ్ళలేవో ఒకసారి చూపించు."

నాగదుర్గ సీసా తెచ్చి, గుప్పెడు పళ్ళెంలో పోసి, ఫోను దగ్గరగా పెట్టింది. పగటి వెలుతురులో ఆ బిళ్ళల్ని అలా పరిచి చూడటం ఆమెకీ అదే మొదలు. అన్నీ తెల్లవే, అన్నీ కోలవే. కొన్నిటి మీద అక్షరాలు చెక్కి ఉన్నాయి. కొన్ని నున్నగా ఉన్నాయి.

"అక్షరాలున్నవి మనవి," అన్నాడు దేవదానం నెమ్మదిగా. "ఆ నున్నటివి మనవి కాదమ్మా. చూడబోతే క్యాల్షియం బిళ్ళల్లా ఉన్నాయి. ఎవరు కలిపారు?"

ఎవరు కలిపారు? ఆ సీసా ముట్టుకునే హక్కున్న మనిషి ఈ దేశంలో ఒక్కడే ఉన్నాడు. నడుం నొప్పని జేబులో క్యాల్షియం డబ్బా పెట్టుకు తిరిగేవాడూ వాడే. ప్రతి శుక్రవారం వాడొస్తే, ఫ్లాట్‌లో ఆడవాళ్ళు మర్యాదకి బజారు పని పెట్టుకుని వెళ్ళిపోయేవాళ్ళు. నాగదుర్గ వంటింట్లో చేపలు వేయిస్తుంటే వాడు మంచం మీద ఒంటరిగా పడుకునేవాడు. తలగడ పక్కనే సీసా.

ఒళ్ళంతా మంట పుట్టింది ఆమెకి. అయినా ముందు సంగతి తెలియాలి. "ఇప్పుడు అక్షరాలవి ఏరుకుని మింగితే తగ్గిపోద్దాండీ?"

దేవదానం కుర్చీ ముందుకి లాక్కున్నాడు. "చూడు తల్లీ, ఆ పురుగు మనొంట్లో రోజూ కోట్లలో పిల్లల్ని పెడద్ది. ప్రతి పిల్లా తల్లిలా ఉండదు, ఎక్కడో ఒక తేడాతో పుడద్ది. రోజూ మందు పడితే దానికి పిల్లలు పెట్టే సందే ఉండదు. ఒకరోజు పడి, రెండ్రోజులు పడకపోతే పెడద్ది. వాటిల్లో ఏదో ఒకటి ఈ మందుకి చావనిది పుట్టుద్ది. మళ్ళీ నువ్వు మందు మింగగానే మిగిలినవన్నీ చస్తాయి, అది మాత్రం మిగులుద్ది. ఇంక ఒళ్ళంతా దానిదే. దాని పిల్లలే, వాటి పిల్లలే."

"అంటే ఇప్పుడు నాలో ఉన్నది..."

"నీకు మొదట అంటుకున్నది కాకపోవచ్చు. దాన్నుంచి అక్కడ, నీ ఒంట్లోనే పుట్టి పెరిగింది. పరీక్ష చేస్తేగానీ కచ్చితంగా చెప్పలేను. ఈ బిళ్ళలు దాన్ని పట్టుకోలేకపోతే వేరే మందులున్నాయి, భయపడకు. కానీ వెంటనే రావాలి. వచ్చేదాకా అక్షరాలవి మాత్రం మానొద్దు." ఆమె పేరు చీటీ మీద రాసుకుంటూ, "మీ ఆయన్ని కూడా పరీక్ష చేయించుకోమను. ఇన్నాళ్ళూ నువ్వు సరిగ్గా మింగావు కాబట్టి అతనికి అంటలేదు. ఇప్పుడు ఆ ధైర్యం లేదు," అన్నాడు.

ఫోను పెట్టేశాక నాగదుర్గ ఏడవలేదు. విమానాలు మళ్ళీ మొదలై, వీసా గడువు దాటినవాళ్ళని జరిమానా లేకుండా వెళ్ళనిస్తున్న రోజులవి. షాహీదాని పిలిచి, టికెట్టు ఎక్కడ కొనాలో కనుక్కోమంది. ఊరు చేరేదాకా సరిపడా అక్షరాల బిళ్ళలు ఏరి చేతిసంచిలో పెట్టుకుంది. మిగిలినవి మళ్ళీ సీసాలో పోసి మూత బిగించింది. ఆ తర్వాత వంటింట్లోకి వెళ్ళి చేపలు కడిగింది. అప్పుడు మోగాయి గిన్నెలు!

మధ్యాహ్నానికి అంజిబాబు మిఠాయి పొట్లంతో దిగాడు. మాస్కు గడ్డం కిందికి లాగేసి, గుమ్మంలోంచే కేకేశాడు. "దుర్గా! ఫిట్టే ఫిట్టు! మెడికల్ పాసైపోయాను! ఖలాస్, ఇంక వీసాకి బెంగలేదు!"

ఆడవాళ్ళు నవ్వుకుంటూ ఎప్పటిలాగే బజారుకి బయలుదేరారు. షాహీదా ఒక్కతే నాగదుర్గ మొహం చూసి, కదలకుండా వంటింట్లో నిలబడిపోయింది.

"కూర్చో, అన్నం పెడతాను," అంది నాగదుర్గ.

కంచం తెచ్చి ముందు పెట్టింది. అందులో అన్నం లేదు. రెండు బిళ్ళలున్నాయి.

"ఇందులో నీదేది? నాదేది?"

అంజిబాబు కంచంలోకి చూశాడు. నవ్వబోయాడు గానీ మొహం కుదర్లేదు. "అదా... నీతో చెబుదామనే అనుకున్నానే. మా లేబర్ క్యాంపులో ఒకణ్ణి మెడికల్లో పట్టుకుని పంపించేశారు. భయమేసింది. ఆ మందు కొన్నాళ్ళు మింగి వెళ్తే రక్తం శుభ్రంగా కనపడుద్దని అక్కడందరూ అన్నారు. బయట కొనాలంటే దొరుకుతాయా? నీ దగ్గర సీసాడున్నాయి కదా."

"నన్ను అడగొచ్చు కదయ్యా."

"అడిగితే ఇస్తావా? అయినా ఏళ్ళ తరబడి మింగుతున్నావు, మధ్యలో కొన్ని తప్పితే ఏమవుద్దిలే అనుకున్నాను. లెక్క తగ్గిందని కంగారు పడతావని ఆటి బదులు బలం బిళ్ళలే వేశాను గానీ, విషం వేశానా? మొగుడూ పెళ్ళాం అన్నాక చెరిసగం."

"చెరిసగమా! నీ దుంపతెగ, చెరిసగమా! నీ వీసా కోసం నా ప్రాణం సగం చేసుకుని తిన్నావా?"

"అరవకు, బయటికి వినపడుద్ది! తెలిసి తెలిసి చేసుకున్నాను నిన్ను. నేను కాకపోతే ఎవడు చేసుకునేవాడు?"

అదే మాట. అంజిబాబు ఇన్నేళ్ళూ దాచుకుని వాడుకున్న మాట. వాడు ఎప్పుడు ఆ మాటన్నా ఆమె తల వాలిపోయేది. ఈసారి వాలలేదు.

"చేసుకున్నావు. నేనూ నిన్ను ఇన్నేళ్ళు కాపాడాను. నువ్వు పాసైంది ఆ బిళ్ళలు మింగినందుకనుకుంటున్నావా? నీకసలు జబ్బే లేదు. ఎందుకు లేదో తెలుసా? రాత్రి రాత్రీ కలల్లో చచ్చిన మేకలతో మాట్లాడుకుంటూ నేను మింగాను కాబట్టి! నా మందే నీక్కూడా అడ్డం పడింది, సచ్చినోడా!"

అంజిబాబు మొహం విప్పారింది. చెప్పుకోడానికే సిగ్గు, నిజంగానే విప్పారింది. "అయితే నాకు లేనట్టేగా?"

షాహీదా వంటింట్లోంచి "యా అల్లా" అంది.

నాగదుర్గ మంచం కింద నుంచి సూట్‌కేసు లాగింది. బట్టలు ముందే సర్ది ఉన్నాయి. "మొన్న రక్తం ఇచ్చేనాటికి కనపడలేదు, అంతే. నా మందు నువ్వు దొబ్బేశాక నా ఒంట్లో పురుగు మళ్ళీ లేచింది. ఆ శుక్రవారాలన్నీ నా పక్కనే పడుకున్నావు కదా. అంటుకున్నా రక్తంలో కనపడ్డానికి కొన్ని వారాలు పడుద్ది. మళ్ళీ వెళ్ళి పరీక్ష చేయించుకో."

వాడి చేతిలో పొట్లం మంచం మీదికి జారింది. "దుర్గా... ఆ సీసా ఇలా ఇయ్యవే. ఈ రాత్రి నుంచే మొదలెడతాను. రోజూ మింగుతాను, ఒక్కరోజు కూడా తప్పను."

సీసా తీసి వాడి ఒళ్ళో పెట్టింది నాగదుర్గ. సూట్‌కేసు జిప్పు లాగింది. షాహీదా వచ్చి ఒక పక్క పట్టుకుంది.

"ఉంచుకో, అన్నీ నీకే. అవి మొదటి మొగుడు అంటించిన పురుగుకి మందు. నా ఒంట్లో ఇప్పుడున్నది నువ్వు పెంచింది. దానికవి క్యాల్షియం బిళ్ళలే."